అమ్మ చీరల బొంత: ప్రతి నక్షత్రం నడుమా బొడిపె వస్తోంది, విప్పి మళ్లీ కుట్టాలా?

ఆమదాలవలస దగ్గరి ఒక పల్లె నుంచి నలభై ఏళ్ల సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఇంటి దగ్గరే జాకెట్లు, లంగాలు కుడతారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కూడా ఆమె దగ్గరికే వస్తారట. వచ్చే మాఘమాసంలో వాళ్ల అమ్మగారి సంవత్సరీకం. అమ్మ చీరలతో ఒక పెద్ద బొంత కుట్టి ఆ రోజు వాళ్ల అప్ప (అక్క) చేతిలో పెట్టాలన్నది ఆమె కోరిక. అమ్మను చివరి రెండేళ్లూ దగ్గర పెట్టుకుని చూసింది ఆ అప్పే. ఫోన్లో చూసిన ఎనిమిది మొనల నక్షత్రం నచ్చి అదే మొదలుపెట్టారు. మొనలకు అమ్మ నేత చీరలు, చుట్టూ తెలుపుకి నాన్న పొందూరు ఖద్దరు పంచెలు. పన్నెండు అంగుళాల గడులు ఇరవై కావాలి. ఏడు అయ్యాయి.

"ప్రతి నక్షత్రం నడుమా చింతపిక్క పెట్టి కుట్టినట్టు ఉంది. ఇస్త్రీపెట్టె ఎంత అదిమినా లొంగడం లేదు. ఈ మెషిన్ మీద జీన్సు ప్యాంట్లు కూడా సరిచేశాను, అలాంటిది ఇంత మెత్తని చీరల మీద సూదులు విరుగుతున్నాయి. గడులు కూడా సమానంగా లేవు, ఒకటి పన్నెండు అంగుళాలుంటే ఇంకొకటి పదకొండున్నర. జాకెట్‌కి వదిలినట్టే అరంగుళం మార్జిన్ వదిలాను. పాత గుడ్డ కదా, పోగులు ఊడతాయని ప్రతి ముక్కకీ చుట్టూ ఓవర్‌లాక్ చేశాను. మొదట్లో, చివర్లో రివర్స్ కుట్టు వేసి గట్టి చేశాను. ఇంతకన్నా జాగ్రత్త ఏం తీసుకోవాలో తెలియడం లేదు" అని రాశారు.

ఆ తర్వాతి పేజీలో అసలు బాధ ఉంది. "పోయిన వారం అప్ప వచ్చింది. ఒక గడి చేతిలోకి తీసుకుని, నడుమ వేలితో తడిమి, 'అమ్మ చీరలన్నీ కత్తిరించీసినావేటే?' అంది. అంతే. టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. అప్పటి నుంచి మెషిన్ ముందు కూర్చోబుద్ధి కావడం లేదు. కుట్లు విప్పితే గుడ్డ చిరుగుతుందేమో. విప్పకపోతే ఆ బొడిపెలు అలాగే ఉంటాయి. ఇంకా కత్తిరించని చీరలు ఆరున్నాయి, వాటిని ముట్టుకోవాలంటే భయంగా ఉంది. మా ఆయన ఒక మంచి దుప్పటి కొని ఇచ్చేయమంటున్నారు. రాత్రుళ్లు ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?"

చెల్లెమ్మా,

ఆ ఏడు గడుల్లో ఒక్కటి కూడా పారేయాల్సిన పని లేదు. ముందు ఈ మాట చెబితే గానీ మీరు మిగతాది స్థిమితంగా చదవలేరనిపించింది.

మీ ఉత్తరంలో రెండు చిక్కులు ఒకదానిలో ఒకటి ముడిపడ్డాయి. అప్ప ఆ బొడిపె మీద వేలు పెట్టింది కాబట్టి, ఆమె బాధపడింది మీ కుట్టు చూసేనని మీకు అనిపించింది. మీరే రాసిన ఆ వాక్యం మళ్లీ చదవండి. కుట్టు గురించి ఆమె ఒక్క ముక్క అనలేదు. చీరలన్నీ కత్తిరించేశావా అని అడిగింది. బొడిపె లేకుండా కుట్టి ఉన్నా ఆ ప్రశ్న వచ్చేదే. అందుకని బొడిపె సంగతి ముందు తేల్చుకుందాం, అది మన చేతిలో ఉన్న పని. అప్ప సంగతి తర్వాత చూద్దాం, దానికి దారి కూడా ఈ కుట్టులోనే దొరుకుతుంది.

బొడిపె ఎందుకొచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది. అరంగుళం మార్జిన్, ఓవర్‌లాక్, రివర్స్ కుట్టు: ఈ మూడూ జాకెట్‌కి ప్రాణం లాంటివి. మనిషి ఒళ్లు చేస్తే వదులు చేయాలి, చంక దగ్గర లాగుడు పడుతుంది, లోపలి అంచు ఉతికినప్పుడల్లా బయటే ఉంటుంది. బొంతలో ఇవేవీ లేవు. దాన్ని ఎవరూ వదులు చేయరు. పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ మూసుకుని, మధ్యంతా రన్నింగ్ కుట్టు పడ్డాక లోపలి అంచుకి ఊడే సందే ఉండదు. అందుకే ముక్కలు అతికే బొంత పనిలో సాధారణంగా పావు అంగుళం మార్జిన్ వదిలి, అంచుల్ని పచ్చిగానే ఉంచేస్తారు.

ఇప్పుడు మీ నక్షత్రం నడుమకు రండి. అక్కడ ఎనిమిది మొనలు కలుస్తాయి, అంటే ఎనిమిది అతుకులు. ఒక్కో అతుక్కి రెండేసి అంచులు, మొత్తం పదహారు అంచులు ఒకే చుక్క దగ్గరికి వస్తున్నాయి. పైగా మొన సన్నగా ఉంటుంది కదా, దాని మార్జిన్ కుట్టు దాటి ముందుకు పొడుచుకొస్తుంది. పావు అంగుళం వదిలితే ఆ తోక అరంగుళం కన్నా కొంచెం పొడుగు. అరంగుళం వదిలితే అంగుళం దాటుతుంది. అలాంటి ఎనిమిది తోకలు నడుమను దాటి ఎదుటి మొనల వెనక్కి పోయి పడుకున్నాయి. ప్రతి అంచుకీ ఓవర్‌లాక్ దారం, ప్రతి కుట్టు చివరా రివర్స్ కుట్టు. మీ సూది విరిగింది అక్కడే. గడుల కొలతలు తేడా రావడానికీ ఓవర్‌లాక్‌కే ఎక్కువ బాధ్యత ఉంది. ఆ మెషిన్ కత్తి అంచును కోసుకుంటూ పోతుంది, ఒక ముక్కకి కాస్త ఎక్కువ, ఇంకో ముక్కకి కాస్త తక్కువ. ఆ అంచును ఆధారంగా పెట్టుకుని కుడితే ఎనిమిది ముక్కల్లో తేడాలన్నీ చేరి అరంగుళం అయిపోతాయి.

ఏ గడిని ముట్టుకోవాలన్నా ముందు ఒక పరీక్ష చేయండి. గడిని బోర్లా వేసి, చెక్క పీట మీద పరిచి, నడుమ చూపుడు వేలితో నొక్కండి. వేలికి గట్టిగా తగిలి, కదలకుండా ఉంటే అది పొరల వల్ల వచ్చిన బొడిపె. మెత్తగా ఉండి, నొక్కితే పక్కకి జరిగి ఇంకోచోట లేస్తే అది గుడ్డ సాగడం వల్ల వచ్చిన ఉబ్బు. ఏటవాలు మొనలో కనీసం రెండు అంచులు క్రాస్ మీద, అంటే గుడ్డ పోగులకి ఏటవాలుగా ఉంటాయి. క్రాస్ పట్టీ ఎలా సాగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇస్త్రీపెట్టెను చీరకి లాగినట్టు ముందుకీ వెనక్కీ లాగితే ఆ అంచులు సాగి నడుమ గొడుగులా లేస్తుంది. మీరు ఎంత అదిమినా లొంగడం లేదన్నారంటే రెండూ కాస్త కాస్త ఉన్నాయేమోనని నా అనుమానం. పొరల బొడిపెను కత్తెరతో తగ్గించొచ్చు. సాగిన ఉబ్బును కొద్దిగా తడి చేసి, చేత్తో చదును చేసి, పెట్టెను ఎత్తి పెట్టి ఎత్తి పెట్టి నొక్కుతూ కొంతవరకు కుదించొచ్చు, పూర్తిగా కాదు. బొంతంతా రన్నింగ్ కుట్టు పడ్డాక ఆ మిగిలిన వదులు కుట్టుల మధ్య సర్దుకుంటుంది. కాబట్టి దాని గురించి బెంగపడకండి.

కుట్టిన ఏడు గడులకు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, విప్పకుండా వెనక నుంచి సన్నం చేయడం. గడిని బోర్లా వేసి, ప్రతి అతుకు దగ్గరా కుట్టు నుంచి పావు అంగుళం ఉంచి మిగతా మార్జిన్‌ను ఓవర్‌లాక్‌తో సహా కత్తిరించేయండి. చిన్న కత్తెర వాడండి, కింద ఉన్న గుడ్డ కోసుకుపోకుండా ఎడమచేతి వేలు మధ్యలో పెట్టుకోండి. నడుమ దగ్గర పొడుచుకొచ్చిన తోకలన్నీ తీసేయండి. ఆ తర్వాత, నక్షత్రం రెండు సగాల్ని కలిపిన చివరి పొడుగు కుట్టు ఉంటుంది కదా, దాని మార్జిన్‌లోకి దిగి ఉన్న అడ్డ కుట్లలో రెండు మూడింటిని మాత్రం సూది మొనతో లేపి తీయండి. చివరి కుట్టుని మాత్రం ముట్టుకోవద్దు. అప్పుడు ఎనిమిది అతుకుల మార్జిన్లూ ఒకే వైపుకి, గడియారం ముల్లు తిరిగినట్టు, వరసగా పడుకుంటాయి. నడుమ వెనక వైపు చిన్న చక్రంలా విచ్చుకుంటుంది. పదహారు అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చోకుండా చుట్టూ పరుచుకుంటాయి. కొంచెం నీళ్లు చల్లి, మడత పెట్టిన తువ్వాలు మీద బోర్లా ఇస్త్రీ చేసి, పెట్టె తీయగానే ఆ చోట నున్నటి చెక్క పీట బరువుగా పెట్టి చల్లారేదాకా ఉంచండి. ఈ చల్లారడమే ముఖ్యం. వేడి మీద గుడ్డను ఎత్తేస్తే మడత మళ్లీ లేస్తుంది. కొందరు సుత్తితో కొడతారు. గట్టి కొత్త గుడ్డకు అది సరే గానీ, ఏళ్ల తరబడి ఉతికిన నేత చీర మీద నేనైతే కొట్టనివ్వను, పోగు తెగుతుంది. ఈ దారిలో చింతపిక్క పోయి, వేలికి లీలగా తగిలే మందం ఒకటి మిగులుతుంది. నక్షత్రం రూపు చెక్కుచెదరదు. గుడ్డ మరీ బలహీనంగా ఉన్న చోట పావు అంగుళం కన్నా తక్కువకి మాత్రం కత్తిరించకండి, కుట్టు జారిపోతుంది.

రెండోది, నడుమను తీసేసి గుండ్రటి ముక్క వేయడం. బొడిపె అసలే లేకుండా పోయేది ఈ దారిలోనే. రెండు అంగుళాల వెడల్పు గుండ్రటి అట్టముక్క కోసుకోండి. దానికన్నా చుట్టూ పావు అంగుళం పెద్దదిగా చీర ముక్క కోసి, అట్ట మీదికి అంచులు మడిచి, కాస్త గంజి రాసి ఇస్త్రీ చేస్తే గుండ్రంగా నిలుస్తుంది. అట్ట తీసేసి ఆ ముక్కను నక్షత్రం నడుమ పెట్టి చుట్టూ కనపడని చేతికుట్టు వేయండి. ఆ తర్వాత గడిని తిప్పి, వెనక నుంచి, వేసిన గుండ్రటి కుట్టుకి పావు అంగుళం లోపలగా, పాత నడుమనంతా కత్తిరించి తీసేయండి. పదహారు అంచులూ ఆ ముక్కతో బయటికి వచ్చేస్తాయి. మిగిలేది ఒకే పొర. దీనికి మీరు వదులుకోవాల్సింది ఏమిటంటే, మొనలన్నీ ఒక చుక్కలో కలిసే ఆ అందం. నక్షత్రం కాస్తా పువ్వులా కనిపిస్తుంది. గడికి చేతిపని కూడా ఎక్కువే. కానీ ఆ గుండ్రటి ముక్క ఏ చీరది అన్నది మీరు ఎంచుకోవచ్చు. అది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

మూడోది, అన్నీ విప్పి పావు అంగుళానికి కోసి మళ్లీ కుట్టడం. చేయొచ్చు, కానీ ఓవర్‌లాక్, రివర్స్ కుట్లు విప్పేటప్పుడు పాత గుడ్డ తూట్లు పడుతుంది. ఆ తూట్లు పడ్డ చోటునీ కోసేయాల్సి వస్తే మొనలు చిన్నవై గడి పన్నెండు అంగుళాలు రాదు. గడి బాగా వంకరగా ఉంటే తప్ప ఈ దారి పట్టొద్దనే నా సలహా.

కొలత తేడాల్ని సరిచేయడానికి పెద్ద గడుల్ని చిన్నవాటి మేరకు కోయకండి, మొనల చివర్లు తెగిపోతాయి. ప్రతి గడి చుట్టూ సన్నని పంచె పట్టీ కుట్టి, ఆ పట్టీని కోసి అన్నిటినీ పదమూడు అంగుళాలకు సమానం చేయండి. బొంత పెద్దదవుతుంది, అంతే.

ఇక కుట్టని పదమూడు గడులు. అదే నక్షత్రం కుడతారా, వేరేదా? అదే కుట్టాలనుకుంటే ఓవర్‌లాక్ మానేసి, పావు అంగుళం మార్జిన్‌తో, రివర్స్ బదులు చివర్లో కుట్టు చిన్నది చేసి ఆపేస్తే చాలు. నడుమ వైపు అంచుదాకా కుట్టకుండా పావు అంగుళం ముందే ఆపితే మార్జిన్లు వాటంతట అవే తిరిగి పడుకుంటాయి. అయినా ఎనిమిది మొనలు ఒక చుక్కలో కలిసినంతకాలం అక్కడ కాస్త మందం ఉండే తీరుతుంది. దాన్ని తగ్గించగలం గానీ మాయం చేయలేం.

నాకు ఇంకా బాగా నచ్చింది నడుమ చదరం ఉన్న నక్షత్రం. మొనలు ఎనిమిదే, కానీ అవి ఒక చదరం చుట్టూ ఉంటాయి, ఎక్కడా నాలుగు ముక్కలకు మించి కలవవు. లెక్క కూడా సులువు. నడుమకి ఆరున్నర అంగుళాల రంగు చదరం ఒకటి. నాలుగు మూలలకి మూడున్నర తెల్ల చదరాలు నాలుగు. నాలుగు పక్కలకి మూడున్నర, ఆరున్నర కొలతతో తెల్ల ముక్కలు నాలుగు. ఆ ఒక్కో పక్క ముక్క రెండు చివర్లా మూడున్నర రంగు చదరం ఒకటి పెట్టి, మూల నుంచి మూలకి ఏటవాలుగా కుట్టండి. కుట్టు దాటి పావు అంగుళం ఉంచి, బయటి వైపు మూలను కోసేసి, రంగు ముక్కను విప్పి ఇస్త్రీ చేయండి. రెండు ఏటవాలు కుట్లూ పొడుగు అంచు నడిమి దగ్గర మొదలై ఎదుటి మూలలకి పోవాలి, ఆ నడిమి భాగం చదరానికి తగలాలి. అన్నీ మూడు వరసలుగా అతికితే గడి పన్నెండు అంగుళాలు వస్తుంది. చదరాన్ని కుట్టిన తర్వాతే కోస్తాం కాబట్టి క్రాస్ అంచు విడిగా సాగే ప్రమాదమూ తక్కువ.

ముఖ్యమైన సంగతి ఆ ఆరంగుళాల చదరంలో ఉంది. సన్నని మొనలో చీర రంగు మాత్రమే కనిపిస్తుంది. చదరంలో ఆ చీర బుటా, గళ్లు, చెంగు మీది గీతలు, అన్నీ కనిపిస్తాయి. చూసిన వాళ్లు ఇది అమ్మ ఫలానా చీర అని చెప్పగలుగుతారు.

పూర్తిగా చేతిపనికి సిద్ధమైతే మన పాత పద్ధతీ ఉంది. అడుగున ఒక చీర పరిచి, ముక్కల అంచులు లోపలికి మడిచి పైన పేర్చుకుంటూ రన్నింగ్ కుట్టుతో కుట్టుకుపోవడం. కర్ణాటకలోని సిద్దీ ఆడవాళ్లు కవంది అనే బొంతను ఇలాగే మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ లోపలికి కుట్టుకుంటూ వస్తారు. అతుకులు ఒకచోట గుమిగూడే సమస్యే రాదు. కానీ పదునైన నక్షత్రం ఈ పద్ధతిలో కష్టం, మాఘమాసానికి పూర్తవుతుందా అన్నది మీరు చూసుకోవాలి.

మార్జిన్‌ను ఒక వైపుకి మడవాలా, రెండు వైపులా విప్పాలా అన్నది మీరు అడగలేదు గానీ, మీ పంచెల వల్ల అది తప్పించుకోలేని ప్రశ్న. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, నూరో నంబరు దాకా సన్నని నూలు చేత్తో వడికి నేస్తారు. అంత పలచని తెలుపు కింద కుంకుమరంగు చీర మార్జిన్ మడిస్తే పైకి నీడ పడుతుంది. కాబట్టి వీలైన చోటల్లా మార్జిన్‌ను రంగు ముక్క వైపే మడవండి. నాలుగు మూలలు కలిసే చోట పై వరస మార్జిన్ ఎడమకి, కింది వరస మార్జిన్ కుడికి మడిచి ఉంచండి. రెండూ ఒకే వైపు ఉంటే సూది కింద ఆరు పొరలు వస్తాయి, ఎదురెదురుగా ఉంటే నాలుగే. పైగా రెండు మడతలూ ఒకదానికొకటి ఆనుకుని మూల కచ్చితంగా కలుస్తుంది. పిన్ను కూడా అక్కర్లేదు. చాలా మొనలు కలిసే చోట, ముందు చెప్పినట్టు చక్రంలా తిప్పడం కుదరకపోతే, మార్జిన్‌ను రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేయడమే మంచిది, మందం సమంగా పంచుకుంటుంది. దానికో నష్టం ఉంది. విప్పిన అతుకు మీదుగా రన్నింగ్ కుట్టు వేస్తే సూది గుడ్డలో దిగకుండా కుట్టు దారం మీదే పడుతుంది, అతుకు బలహీనమవుతుంది. అక్కడ రన్నింగ్ కుట్టును పక్కకి జరిపి వేయండి.

మెషిన్ విషయం ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. సూది నుంచి పావు అంగుళం కొలిచి ప్లేటు మీద టేపు అంటించుకోండి. అంగుళంన్నర వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి చూడండి. నడిమి పట్టీ సరిగ్గా అంగుళం ఉంటే మీ పావు అంగుళం సరిగ్గా ఉన్నట్టు. తక్కువొస్తే టేపును ఒక పోగంత సూది వైపు జరపండి, మడతా దారమూ కూడా కాస్త చోటు తీసుకుంటాయి. మందం దగ్గరికి రాగానే ఫుట్ ముందువైపు లేచి గుడ్డ లాగుడు పడుతుంది, సూది వంగి ప్లేటుకి తగులుతుంది. అక్కడ ఫుట్ వెనక భాగం కింద మడిచిన అట్టముక్క పెట్టి సమం చేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించండి. లావు సూది వేయాలనిపిస్తుంది, వేయకండి. పాత చీరకి పద్నాలుగో నంబరు చాలు, ఇంకా పలచన గుడ్డకి పదకొండు.

చీర కోసే ముందు వెలుతురుకి పట్టి చూడండి. కూర్చునే చోటు, కుచ్చిళ్ల కింది భాగం ముందు నలుగుతాయి. రెండు బొటనవేళ్లతో లాగితే పోగులు విడిపోయే చోటును బొంతలో వాడొద్దు. బాగున్న చోటును పలచటి గంజిలో ముంచి ఆరబెట్టి ఇస్త్రీ చేశాక కోయండి. మెత్తటి పాత చీర కాగితంలా నిలుస్తుంది, క్రాస్ సాగదు, పావు అంగుళం మడత గీత గీసినట్టు పడుతుంది. జరీ అంచుని మొనల్లో పెట్టకండి. అమ్మగారి మామూలు నూలు అంచులుంటే గడుల మధ్య రెండంగుళాల పట్టీలుగా వేసుకోవచ్చు. అప్పుడు పక్క పక్క గడుల మొనలు ఒకదాని మీద ఒకటి పడవు, అక్కడ కూడా మందం తగ్గుతుంది. షిఫాన్, జార్జెట్‌లాంటి సింథటిక్ చీరలుంటే నూలుతో కలపొద్దు. వాటి మడత వేడికి నిలవదు, వేడి పెంచితే గుడ్డ కరుగుతుంది.

ఇప్పుడు అప్ప సంగతి. ఆమె రెండేళ్లు ఆ చీరలు ఉతికింది, అమ్మకి కట్టింది. మీకు అవి అమ్మ జ్ఞాపకం. ఆమెకి అవి రోజూ చేతిలో ఆడిన బట్టలు. చెప్పకుండా మొదలుపెట్టడంలో మీ ఉద్దేశం మంచిదే, చివర్లో చూసి సంతోషపడుతుందని. కానీ ఆమె చూసింది పూర్తయిన బొంతను కాదు, ఏ చీరదో పోల్చుకోలేని సన్నని ముక్కల్ని. ఆమె బాధలో కొంత అదే అయి ఉండొచ్చు.

మీరు ఏమీ అనకుండా బొంత పూర్తి చేసి సంవత్సరీకం నాడు ఇవ్వొచ్చు. నలుగురి మధ్య ఆమె తీసుకుంటుంది, మనసులో ఏముందో మీకు తెలియకుండా పోతుంది. ఆరు చీరలూ ముట్టుకోకుండా ఆపేయొచ్చు కూడా. అప్పుడు ఆరు గడులతో రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడుగు చిన్న బొంత అవుతుంది, ఏడోది దిండు గలేబుకి సరిపోతుంది. గొడవ పెరగదు, కానీ ఆ ఆరు చీరల మాట మీ ఇద్దరి మధ్య ఎప్పటికీ ఎత్తలేని మాటగా ఉండిపోతుంది. మీ ఆయన చెప్పిన దుప్పటి సంగతి, మీ టెన్షన్ చూడలేక అన్న మాట అది. ఆయన్ని తప్పు పట్టను. కానీ అప్ప అడిగిన ప్రశ్నకి దుప్పటి జవాబు కాదు.

నా మనసు వేరే దారి వైపు ఉంది. సరిచేసిన ఒక గడి, కత్తిరించని ఆరు చీరలు సంచిలో పెట్టుకుని మీరే వాళ్ల ఇంటికి వెళ్లండి. "నీకు చెప్పకుండా కత్తెర పెట్టాను అప్పా, నీకే ఇద్దామని కుడుతున్నాను" అని చెప్పండి. ఆరింటిలో ఏవి అలాగే మడత పెట్టి ఉంచుకోవాలో ఆమెనే తీయనివ్వండి. మిగిలినవాటిలో ఏ చీర, ఏ భాగం నడుమ చదరంలో కనపడాలో అడగండి. కుట్టిన ఏడు గడుల మీద గుండ్రటి ముక్క వేద్దామనుకుంటే, ఆ ముక్క ఏ చీరది కావాలో కూడా ఆమెనే అడగండి. ఆమె ఆరూ వద్దనొచ్చు. అలాగైతే ఆరూ ఆమె దగ్గరే వదిలి రావాలి, చిన్న బొంతతో సరిపెట్టుకోవాలి. దానికి మీ మనసు సిద్ధమైతేనే వెళ్లండి. ముందే కుట్టేయాలని నిశ్చయించుకుని అడగడానికి వెళ్తే అప్ప ఆ మాట ఇట్టే పట్టేస్తుంది.

వెళ్లే ముందు ఒక్క గడినే సరిచేయండి. మిగతా ఆరింటి మీద కత్తెర పెట్టకండి, ఏ దారి అన్నది ఆమె మాట విన్నాక తేల్చుకోవచ్చు. ఇంకో చిన్న జాగ్రత్త: గంజి పెట్టిన గుడ్డతో కుడతారు కాబట్టి, బొంత పూర్తయ్యాక ఒకసారి చల్లటి నీళ్లలో జాడించి నీడలో బాగా ఆరనిచ్చి అప్పుడే ఇవ్వండి. గంజితోనే బీరువాలో పెడితే పురుగు పడుతుంది.